ఇంట్లో ఎలుకలు పడితే: ముందు దారులు మూయండి, తర్వాత బోను పెట్టండి

వానలు ముదిరినప్పుడు ఒకసారి, వడ్లు కోసినంక ఇంకోసారి, ఏటా ఇదే ప్రశ్న వస్తుంది: "ఇంట్లో ఎలుకలు పడ్డయి, ఏ మందు పెట్టాలె?" హన్మకొండ అపార్టుమెంట్లలో ఉండేవాళ్లు అడుగుతారు. పరకాల దగ్గర రేకుల ఇంట్లో ఉండేవాళ్లు అడుగుతారు. నర్సంపేట వైపు ముందటర్రలో పత్తి పోసుకున్న రైతులూ అడుగుతారు. అందరికీ నేను చెప్పేది ఒకటే. మందు సంగతి తర్వాత, అవి ఎటు నుంచి వస్తున్నాయో ముందు చూడండి.

ఎందుకంటే ఆడ చిట్టెలుక మూడు వారాల్లో ఈనుతుంది. ఒక్కో ఈతకు ఐదారు పిల్లలు, ఒక్కోసారి ఎనిమిది కూడా. ఆ పిల్లలు ఇంకో నెలన్నరకల్లా తామే ఈనడానికి తయారవుతాయి. దారి తెరిచి పెట్టి మీరు ఇంట్లో నాలుగింటిని చంపితే, ఆ ఖాళీలోకి బయటివి వచ్చి చేరతాయి. పొలాల్లో కోతలు అయిపోయినప్పుడు, బొరియల్లోకి నీళ్లు చేరినప్పుడు వాటికి మీ ఇల్లే దగ్గర.

కావలసినవి

- మంచి టార్చిలైటు, ఒక పెన్సిలు
- ముగ్గుపిండి
- గిన్నెలు తోమే స్టీలు పీచు (నాలుగైదు ఉండలు)
- ఇసుక, కొద్దిగా సిమెంటు, తాపీ
- సన్న కండ్ల ఇనుప జాలీ (కన్ను 6 మిల్లీమీటర్లకు మించొద్దు)
- చెక్క మీద స్ప్రింగు ఉండే బోన్లు కనీసం ఆరు. ఇల్లు పెద్దదైతే పది. చంపడం ఇష్టం లేకపోతే ఇనుప జాలీ బోన్లు
- రబ్బరు గ్లౌజులు, మూతికి మాస్కు, బ్లీచింగ్ పౌడరు, పాత పేపర్లు

ఇవన్నీ హార్డ్‌వేర్ దుకాణంలో, కిరాణంలో దొరికేవే. బోన్లు మాత్రం ఒకటీ రెండూ తెచ్చుకుని సరిపెట్టుకోకండి. ఎక్కువమంది పని పాడయ్యేది అక్కడే.

1. వచ్చింది ఏదో తెలుసుకోండి

పెంటికలు చూడండి. చిట్టెలుకవి బియ్యపు గింజంత ఉంటాయి, కొసలు మొనదేలి ఉంటాయి. పెద్ద ఎలుకవి అంతకు రెండింతలు, మూడింతలు పొడుగు. ఇంటి పునాది పక్కనో, బాత్రూం వెనకనో మట్టి కుప్పలుగా తోడి పోసి, పిడికిలి పట్టేంత బొక్క కనబడితే అది పందికొక్కు. దానికి చిట్టెలుక బోను పనికిరాదు, పెద్ద బోను కావాలి.

ఇంకొకటి ఉంది, చుంచు. మూతి సాగి ఉంటుంది, కండ్లు కనబడీ కనబడనట్టు ఉంటాయి, కిచకిచమంటూ గోడ వెంట ఉరుకుతుంది, ఒక రకం కంపు వదులుతుంది. అది ప్రధానంగా బొద్దింకలు, పురుగులు తింటుంది. మీ బియ్యం సంచి కొరికేది మామూలుగా అది కాదు. చుంచు తిరుగుతున్నదంటే ఇంట్లో బొద్దింకలు బాగా ఉన్నాయని అర్థం. ముందు వాటి పని పట్టండి, తలుపు కింద సందు మూయండి, చాలు. దాని కోసం మందు పెట్టకండి.

2. అవి నడిచే తోవ పట్టుకోండి

ఎలుక నడి ఇంట్లోంచి నడవదు. గోడను ఒరుసుకుంటూ పోతుంది. రోజూ అదే తోవ కాబట్టి ఆ గోడ మీద నల్లటి జిడ్డు చార పడుతుంది. ఫ్రిజ్ వెనక, గ్యాస్ బండ పక్క, బియ్యం డ్రమ్ము వెనక, సజ్జ మీద పాత గిన్నెల మధ్య టార్చి వేసి చూడండి.

రాత్రి పండుకునే ముందు, అనుమానం ఉన్నచోట గోడ పొడవునా జానెడు వెడల్పు ముగ్గుపిండి పలుచగా చల్లండి. మందంగా పోస్తే అడుగు పడదు. వేలితో ఒత్తితే గీత కనబడేంత ఉంటే చాలు. పొద్దున లేవగానే, ఇల్లు ఊడ్వకముందే, టార్చిని నేలకు ఆనించినట్టు పక్క నుంచి పట్టి చూడండి. పై నుంచి వేస్తే కనబడని అడుగులు పక్క వెలుతురులో తేలతాయి. ముందు కాలికి నాలుగు వేళ్లు, వెనక కాలికి ఐదు. నడుమ సన్న గీత ఉంటే అది తోక. అడుగులు ఎటు నుంచి మొదలై ఎటు పోయాయో చూస్తే బొక్క ఎక్కడో అదే చెప్తుంది.

గోడకు బొక్క దొరికితే అందులో పేపరు ముద్ద కుక్కండి. మర్నాటికి ముద్ద బయట పడి ఉంటే, లేదా కొరికి ఉంటే, ఆ బొక్క వాడకంలో ఉన్నట్టు. రెండు రోజులైనా కదలకపోతే అది పాతది.

జాగ్రత్త: ఏ బొక్కలోనూ చెయ్యి పెట్టకండి. ఎలుకలు ఉన్నచోటికి పాము వస్తుంది. ములుగు, భూపాలపల్లి వైపు ఊళ్లలో, పొలాల అంచు ఇండ్లలో ఇది మరీ గుర్తుంచుకోవాలి. కట్టెల మోపు, పాత ఇటుకల కుప్ప తీసేటప్పుడు ముందు పొడుగు కర్రతో కదిలించి, అప్పుడు చెయ్యి వేయండి.

3. తిండి అందకుండా చేయండి

బోనులో పెట్టిన ఎర ఎలుకకు రుచిగా అనిపించాలంటే ఇంట్లో వేరే తిండి దొరకొద్దు. బియ్యం, పప్పులు, పల్లీలు మూత బిగుతుగా పట్టే స్టీలు లేదా రేకు డ్రమ్ముల్లో పోయండి. ప్లాస్టిక్ డబ్బా మూత అంచును రెండు రాత్రుల్లో కొరికేస్తాయి. ఏడాది బియ్యం సంచుల్లోనే పెట్టుకోవాల్సి వస్తే, చెక్క బల్ల వేసి దాని మీద పేర్చండి. నేలకు అడుగు ఎత్తు, గోడకు అడుగు దూరం ఉండాలి. గోడకు ఆనించి పేరిస్తే వెనక ఏం జరుగుతున్నదో మీకు తెలియదు.

చాలామంది మరిచిపోయే చోట్లు కొన్ని చెప్తాను. గ్యాస్ పొయ్యి కింద రాలిన మెతుకులు. దేవుడి దగ్గర పెట్టిన కొబ్బరి చిప్ప, నూనెలో నానిన వత్తులు (ఎలుకలు వాటిని ఎత్తుకుపోతాయి). రాత్రంతా తోమకుండా ఉంచిన గిన్నెలు. కోళ్ల దాణా, కుక్కకు పెట్టిన అన్నం. సంక్రాంతికి చేసిన సకినాలు, గారెలు సగం అయిపోయాక మూత సరిగ్గా పెట్టని డబ్బా.

నీళ్లు మూసి పెడితే ఎలుకలు పోతాయి అనుకోకండి. చిట్టెలుకకు తినే తిండిలో ఉన్న తడితోనే చాలావరకు గడిచిపోతుంది.

పత్తి ఇంట్లో పోసుకున్నవాళ్లకు ఒక మాట. పత్తి కుప్ప చిట్టెలుకకు తిండికంటే ఎక్కువగా గూడు. వెచ్చగా, మెత్తగా, ఎవరూ కదిలించకుండా ఉంటుంది. కుప్పను గోడల దాకా పోయకుండా చుట్టూ మనిషి నడిచే సందు ఉంచండి. ఆ సందులోనే బోన్లు పెట్టుకోవచ్చు, పొద్దున చూసుకోవచ్చు.

4. దారులు మూయండి

పని ఎక్కువ ఇక్కడే. ఒక పూట దీనికే కేటాయించుకోండి.

పెన్సిలు తీసుకుని ఇంటి చుట్టూ తిరగండి. పెన్సిలు దూరే సందులో చిట్టెలుక కూడా దూరుతుంది. తల పడితే చాలు, ఒళ్లంతా లోపలికి లాక్కుంటుంది.

ముందు బయటి గోడల సందులు మూయండి. లోపలి బొక్కలను మొదటి రోజే సిమెంటుతో మూస్తే, లోపల ఉన్నవి అక్కడే చచ్చి వారం రోజులు కంపు కొడుతుంది. లేదా పక్కనుంచి ఇంకో బొక్క తవ్వుకుంటాయి. లోపలివి బోనుల్లో పడ్డాక, ముగ్గుపిండిలో అడుగులు ఆగిపోయాక అవి మూద్దాం.

సింకు పైపు గోడలోంచి బయటికి పోయే చోటు. దాదాపు ప్రతి ఇంట్లో ఇక్కడ సందు ఉంటుంది. ప్లంబరు పెద్ద బొక్క కొట్టి, చిన్న పైపు వేసి, పైన కాస్త పుట్టీ రాసి పోతాడు. ఆ పుట్టీ రాలిపోతుంది. ఇట్లా చేయండి: పాత పుట్టీ గీకి తీసేయండి. స్టీలు పీచు ఉండను విప్పి, పైపు చుట్టూ సందులో స్క్రూడ్రైవరుతో గట్టిగా కుక్కండి. లోతు కనీసం రెండు అంగుళాలు నిండాలి. దాని మీద ఒకటికి మూడు పాళ్ల సిమెంటు, ఇసుక కలిపి పూసి, తడి గుడ్డ కప్పి రెండు రోజులు ఆరనివ్వండి. స్టీలు పీచు పళ్లకు ఆగదు అనుకుంటారు కానీ, కొరకబోతే పోగులు నోట్లో గుచ్చుకుంటాయి కాబట్టి ఎలుక వదిలేస్తుంది. ఒట్టి ఫోము, ఒట్టి పుట్టీ, ఎంసీల్ పలుచగా రాయడం, గుడ్డలు కుక్కడం, ఇవేవీ నిలవవు.

ఏసీ పైపు, కేబుల్ వైరు, ఇన్వర్టరు వైరు లోపలికి వచ్చే బొక్కలకూ ఇదే పద్ధతి. అయితే కరెంటు వైరు ఉన్నచోట స్టీలు పీచు పెట్టొద్దు, ఇనుము కరెంటు తీసుకుంటుంది. అక్కడ సిమెంటు మాత్రమే వాడండి. పని చేసేముందు మెయిన్ బంద్ చేయండి.

తలుపు కింద. రబ్బరు పట్టీ ఒక్కటే వేస్తే మూలల్లో కొరుకుతాయి. తలుపు అడుగున సన్నటి అల్యూమినియం రేకు పట్టీ కొట్టించి, దాని వెనక రబ్బరు వేయించండి. వెనక తలుపును, స్టోరు అర్ర తలుపును మరవకండి.

మోరీ. బాత్రూం, వంటింటి నీళ్లు బయటికి పోయే పైపు కొసకు జాలీ బిగించండి. వారానికోసారి తీసి చెత్త కడగాలి, లేకపోతే నీళ్లు ఎదురుతంతాయి.

కిటికీలు. దోమల జాలీ ప్లాస్టిక్‌ది అయితే మూలలో చూడండి, రూపాయి బిళ్లంత కొరికి ఉంటుంది. ఆ కిటికీకి స్టీలు జాలీ వేయించుకోండి.

రేకుల ఇల్లు. రేకు వంపుకూ గోడ మీది వరుసకూ మధ్య ప్రతి వంపు దగ్గరా చెయ్యి పట్టేంత సందు ఉంటుంది. ఎలుకలు గోడ ఎక్కి అక్కడి నుంచే దిగుతాయి. ఇటుక ముక్కలు పెట్టి సిమెంటుతో పూడ్చండి. గాలి కావాలనుకుంటే రెండు మూడు వంపులకు ఇనుప జాలీ ముద్దగా మడిచి బిగించండి. పాత సిమెంటు రేకులను కోయడం, రాయడం, డ్రిల్లు వేయడం మాత్రం చేయకండి. వాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మహా చెడ్డది.

పెంకుటిల్లు. నిజం చెప్పాలంటే గూన పెంకల ఇంటిని పూర్తిగా మూయడం అయ్యే పని కాదు. దూలాల మీద, వాసాల మీద వాటికి వంద దారులు. అట్లాంటి ఇంట్లో ఒక్క అర్రనైనా కాపాడుకోండి. తిండి గింజలన్నీ ఆ అర్రలో పెట్టి, దాని తలుపు, కిటికీ, గోడలు గట్టి చేయండి. మిగతా ఇంట్లో బోన్లు ఎప్పుడూ పెట్టే ఉంచాలి. ఇంటి మీదికి వాలిన వేప కొమ్మ, జామ కొమ్మ ఉంటే కొట్టించండి.

అపార్టుమెంటు. బాత్రూంల వెనక పైపులు పోయే డక్టు అసలు దారి. మీ ఫ్లాటు ఒక్కటే మూసుకుంటే సగం పని. కింది చెత్త డబ్బాలు, డక్టు అడుగు శుభ్రం చేయించమని అసోసియేషన్‌తో మాట్లాడండి.

5. బోన్లు పెట్టండి

సాయంత్రం పెట్టండి, పొద్దున తీయండి. చిట్టెలుక తన గూడు నుంచి పది మీటర్లలోపే తిరుగుతుంది. కాబట్టి బోన్లు ఇల్లంతా చల్లినట్టు కాకుండా, అడుగులు కనబడ్డ తోవలో రెండేసి మీటర్ల దూరంలో పెట్టాలి.

ఎట్లా పెట్టాలో చూడండి. చెక్క బోను గోడకు అడ్డంగా, ఎర ఉన్న కొస గోడకు తగిలేలా ఉండాలి. గోడ వెంట వచ్చే ఎలుక ఎటు నుంచి వచ్చినా ఎర మీదుగా పోవాల్సిందే. గోడకు జానెడు దూరంలో పెట్టిన బోను పక్కనుంచే పోతుంది, మీరు ఎర మంచిది కాదనుకుంటారు.

ఎర: పల్లీ పట్టీ ముక్క, ఎండు చేప ముక్క, నూనెలో వేగిన సకినం ముక్క. వీటిలో ఏదైనా బఠానీ గింజంత చాలు. పెద్ద ముక్క పెడితే అంచు నుంచి కొరుక్కుని పోతుంది, స్ప్రింగు పడదు. ముక్కను సన్న దారంతో ఎర మేకుకు కట్టండి. లాగితేనే బోను పడుతుంది. చీమలు పట్టే ఇల్లయితే బెల్లం, పట్టీ వద్దు, ఎండు చేప పెట్టండి. పత్తి ఉన్న ఇంట్లో తిండి ఎర పని చేయకపోతే చిన్న దూది ఉండ కట్టి చూడండి. గూటి కోసం లాగబోయి పడతాయి.

చిట్టెలుక కొత్త వస్తువు కనబడితే వచ్చి చూస్తుంది, అందుకే మొదటి రాత్రుల్లోనే ఎక్కువ పడతాయి. పెద్ద ఎలుక అట్లా కాదు, కొత్తదాన్ని చూస్తే నాలుగు రోజులు దూరం నుంచే తప్పుకుంటుంది. దానికి మూడు నాలుగు రాత్రులు స్ప్రింగు ఎక్కించకుండా ఎర మాత్రం పెట్టండి. తినడం అలవాటయ్యాక అప్పుడు ఎక్కించండి.

పసిపిల్లలు, పిల్లి ఉన్న ఇంట్లో బోనును చెప్పుల డబ్బాలో పెట్టి, రెండు పక్కలా ఎలుక దూరేంత బొక్క చేసి, మూత మీద బరువు పెట్టండి.

చంపడం ఇష్టం లేనివాళ్లు, వినాయకుడి వాహనం కదా అని చేతులు రానివాళ్లు, జాలీ బోను వాడొచ్చు. కానీ ఒక బాధ్యత ఉంది. తెల్లారగానే చూడాలి. మధ్యాహ్నం దాకా ఎండలో వదిలేస్తే అది చంపడంకంటే పాపం. పక్క వీధిలో వదిలితే తిరిగి వస్తుంది, పొలంలో వదిలితే ఇంకొకరి పంట మీద వదిలినట్టు. ఇండ్లకూ పొలాలకూ దూరంగా, గుట్టల వైపు తీసుకుపోవాలి. అక్కడ కూడా అది బతుకుతుందన్న నమ్మకం తక్కువ. నా మటుకు నేను వెంటనే ప్రాణం పోయే స్ప్రింగు బోనునే మేలనుకుంటాను.

జిగురు అట్ట వాడకండి. ఎలుక దాని మీద గంటలకొద్దీ తన్నుకుని, తన కాలు తానే కొరుక్కుని చస్తుంది. బల్లులు, పిట్ట పిల్లలు కూడా అంటుకుంటాయి. జంతు సంక్షేమ బోర్డు కూడా వీటిని వాడొద్దనే రాష్ట్రాలకు చెప్పింది.

6. తీసివేత, శుభ్రం

చీపురుతో ఊడ్వకండి. ఎండిన పెంటికలు, ఉచ్చ దుమ్ముగా లేచి ముక్కులోకి పోతాయి. గ్లౌజులు, మాస్కు వేసుకుని, తలుపులు కిటికీలు అరగంట తెరిచి, లీటరు నీళ్లకు ఒక పెద్ద చెంచా బ్లీచింగ్ పౌడరు కలిపి పెంటికల మీద తడిసేలా చల్లండి. ఐదు పది నిమిషాలు ఆగి పేపరుతో ఎత్తి, సంచిలో వేసి మూతి కట్టండి. చచ్చిన ఎలుకనూ అట్లాగే తడిపి, సంచిలో వేసి, ఇంటికి దూరంగా లోతుగా పూడ్చండి. మోరీలో వేయొద్దు. బ్లీచింగును యాసిడ్‌తోనో, టాయిలెట్ కడిగే మందుతోనో కలిపితే విషపు గ్యాస్ వస్తుంది, ఆ రెండూ ఒకచోట వాడకండి.

ఎలుక తాకిన పిండి వాడుకోవచ్చా అని అడుగుతారు. పెంటికలు కనబడ్డ పిండి పారేయండి. వానకాలంలో ఎలుకల ఉచ్చ కలిసిన నీళ్ల వల్ల లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది, కాళ్లకు పుండ్లు ఉన్నప్పుడు మురికి నీళ్లలో నడవొద్దు. ఎలుక కరిస్తే సబ్బుతో పారే నీళ్ల కింద పావుగంట కడిగి డాక్టరు దగ్గరికి పోండి.

మందు తప్పదనుకుంటే

బోన్లతో కాని చోట, గోదాములో, పందికొక్కులు పడ్డ దొడ్లో మందు ఆలోచించొచ్చు. ఇంట్లో అయితే బ్రోమాడియోలోన్ బిళ్లలు ఒక్కటే, అదీ తాళం వేసే పెట్టెలో, పిల్లలకు, కుక్కలకు అందని చోట. అది రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది. ఎలుక నాలుగైదు రోజుల తర్వాత చస్తుంది, గోడలోపల చస్తే కంపు భరించాల్సిందే. దీనికి విరుగుడు ఉంది, విటమిన్ కె.

ఈ మూడు మాత్రం ఇంట్లోకి తేవద్దు. ఎరువుల దుకాణంలో దొరికే జింక్ ఫాస్ఫైడ్ నల్ల పొడికి విరుగుడు లేదు. పసుపు భాస్వరం ఉన్న ఎలుకల పేస్టు తిన్నవాళ్లు ఒకటి రెండు రోజులు బాగానే ఉన్నట్టు కనబడి, తర్వాత కాలేయం పోయి చనిపోవచ్చు. బియ్యం సంచుల్లో పెట్టే గ్యాస్ గోలీలు, అంటే అల్యూమినియం ఫాస్ఫైడ్, మామూలు జనానికి అమ్మకూడనివి. తలుపులు మూసిన ఇంట్లో వాటి గ్యాస్ పండుకున్నవాళ్లను పండుకున్నట్టే చంపుతుంది.

ఎవరైనా ఏ ఎలుకల మందు తిన్నా, తిన్నారని అనుమానం వచ్చినా, వాంతి చేయించొద్దు, ఉప్పునీళ్లు తాగించొద్దు. 108కి ఫోన్ చేసి, మందు డబ్బా వెంట పట్టుకుని వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికో, దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికో పోండి. మనిషి బాగానే ఉన్నాడు కదా అని తెల్లారేదాకా ఆగకండి.

కర్పూరం, కలరా ఉండలు, పుదీన నూనె, ప్లగ్గులో పెట్టే శబ్దం మిషన్లు: వీటి మీద డబ్బు పెట్టకండి. ఎలుక రెండు రోజులు జంకి, తర్వాత అలవాటు పడుతుంది. కలరా ఉండలు పిల్లలు బిళ్లలనుకుని నోట్లో వేసుకుంటారు. పిల్లిని పెంచుకుంటే కొంత సాయమే, కానీ సజ్జ మీది గూట్లోకీ గోడ లోపలికీ పిల్లి పోలేదు.

7. పోయాయని ఎట్లా తెలుస్తుంది

బోనులో రెండు రాత్రులు ఏమీ పడలేదని ఆపేయకండి. తల్లి పడి పిల్లలు గూట్లో ఉండొచ్చు, పెద్దవి బోనును గుర్తుపట్టి ఉండొచ్చు. బోన్ల చోటు మార్చి, ఎర మార్చి, ముగ్గుపిండి మళ్లీ చల్లండి. వరుసగా ఏడు రాత్రులు ఎక్కడా అడుగు పడకపోతే, కొత్త పెంటిక కనబడకపోతే (కొత్తది నల్లగా, మెత్తగా ఉంటుంది, పాతది బూడిద రంగులో, నలిపితే పొడి అవుతుంది), అప్పుడు లోపలి బొక్కలు సిమెంటుతో మూయండి.

అడుగులు తగ్గకపోతే మళ్లీ పెన్సిలు పట్టుకుని బయట తిరగండి. ఏదో ఒక సందు మిగిలే ఉంటుంది, ఎక్కువసార్లు అది తలకంటే ఎత్తులో ఉంటుంది. గోడ మీది మూలలు, రేకు కొసలు, ట్యాంకు పైపు దిగేచోటు చూడండి.

ఫ్రిజ్, వాషింగ్ మిషన్ వెనక వైర్లను కూడా అప్పుడే చూసుకోండి. కొరికిన వైరుకు టేపు చుట్టి వదలకండి, మార్పించండి. చాలాకాలం కదపని స్కూటీ సీటు కింద కూడా ఒకసారి చూడండి, పేపరు ముక్కలు, దూది కనబడితే అక్కడ గూడు ఉన్నట్టే.

రెండు బోన్లు ఏడాది పొడవునా స్టోరు అర్రలో ఉండనివ్వండి. పత్తి అమ్ముడుపోయి అర్ర ఖాళీ అయిన రోజే, ఊడ్చి సామాను సర్దేముందు, నాలుగు మూలలూ టార్చి వేసి చూసి కొత్త బొక్కలు ఉంటే అదే రోజు పూడ్చండి.